తలనొప్పితో పాటు ముక్కులోంచి నెత్తురు: నా అనుభవం

మాది చిత్తూరు, కొంగారెడ్డిపల్లెలో ఉంటాం. నేను గవర్నమెంటు స్కూల్లో టీచర్ని, రోజూ ఆర్టీసీ బస్సులో పోయి వస్తాను. వయసు నలభై దాటింది. తలనొప్పి నాకు కొత్త కాదు, డిగ్రీ చదివే రోజుల నుంచీ ఉంది. మా అమ్మకూ ఉండేది. అయితే ఒక ఏడాది ఎండాకాలం, ఒంటిపూట బడులు మొదలయ్యాక, తలనొప్పి వచ్చినప్పుడల్లా ముక్కులోంచి నెత్తురు కూడా కారడం మొదలైంది. ఒక్కోసారి అదే పూట, ఒక్కోసారి మరుసటి రోజు పొద్దున మొహం కడుక్కునేటప్పుడు. ఎప్పుడు వచ్చినా ఎడమ ముక్కులోంచే.

తలనొప్పి ఒక్కటే అయితే మాత్ర వేసుకుని పడుకుంటాం. నెత్తురు ఒక్కటే అయితే ఎండ తగిలిందనుకుంటాం. రెండూ జతగా వచ్చేసరికి తల లోపల ఏదో నరం చిట్లిందనీ, ఆ నెత్తురే ముక్కు దారిన బయటికి వస్తోందనీ నా మనసులో పడిపోయింది. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. తర్వాత ఆస్పత్రిలో ఓపీ బయట బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఆడవాళ్లు కూడా ఇదే భయం చెప్పుకున్నారు. ఒకామె కొడుక్కి, ఇంకొకామెకు తనకే. అందుకే నాకు జరిగింది, నేను తెలుసుకున్నది వివరంగా రాస్తున్నాను.

ఇంట్లో మొదట మా అత్త చూసింది. "ఏమ్మే, ఒళ్లు వేడి జేసిండాది, ఇంకేం లేదు. సబ్జాలు నానబెట్టుకోని తాగు, తలకు ఆముదం పెట్టుకో" అనింది. మజ్జిగ, సబ్జా నీళ్లు, రాగి అంబలి అన్నీ అయ్యాయి. ఆ మాటను నేను కొట్టిపారేయను. ఏప్రిల్, మే నెలల్లో మా ఊర్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తడి ఉండదు, ముక్కు లోపలి పొర ఎండిపోయి పగులుతుంది. ఎండకూ నెత్తురుకూ సంబంధం ఉన్న మాట నిజమే. కానీ తలనొప్పి సంగతి అందులో తేలదు.

తర్వాత మా వీధి చివర ఉండే ఒక డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన నుదుటి మీద, బుగ్గల మీద నొక్కి చూసి సైనస్ అన్నారు. యాంటీబయాటిక్ రాశారు, రెండు పూటలా ఆవిరి పట్టమన్నారు. ఆవిరి పట్టిన రోజు నెత్తురు ఇంకా ఎక్కువ వచ్చింది. వేడికి ముక్కులోని నాళాలు ఉబ్బుతాయని, నెత్తురు కారే ముక్కుకు వేడి ఆవిరి పనికిరాదని నాకు తర్వాత తెలిసింది.

స్కూల్లో జరిగింది చెప్పాలి, ఎందుకంటే ఆరోజే నాకు అసలు పద్ధతి తెలిసింది. ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంటే పుస్తకం మీద చుక్కలు పడ్డాయి. పిల్లలు కేకలు పెట్టారు. స్టాఫ్ రూమ్‌లో ఒకరు తల వెనక్కి వాల్చమన్నారు, ఇంకొకరు నెత్తిన నీళ్లు పోయబోయారు, ఉల్లిగడ్డ కోసం ఒకరు మధ్యాహ్న భోజనం వండేచోటికి పరుగెత్తారు. మా సైన్సు సారు మాత్రం వచ్చి, "తల ఎత్తొద్దు మేడమ్, ముందుకు వంగి కూర్చోండి, నోటితో ఊపిరి తీసుకోండి" అన్నారు. ముక్కు పైన ఎముక ఉంటుంది కదా, అక్కడ పట్టుకుంటే లాభం లేదు. దాని కింద, రెండు రంధ్రాల పైన మెత్తగా ఉండే భాగాన్ని బొటనవేలు, చూపుడువేలుతో గట్టిగా మూసి పట్టుకోవాలి. గడియారం చూసుకుంటూ 10 నుంచి 15 నిమిషాలు వదలకూడదు. ఆగిందా లేదా అని మధ్యమధ్యలో వదిలి చూస్తే అప్పుడే కడుతున్న గడ్డ ఊడిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. నోట్లోకి వచ్చిన నెత్తురు మింగకుండా ఉమ్మేయాలి. తల వెనక్కి వాలిస్తే నెత్తురు ఆగినట్టు కనబడుతుంది కానీ గొంతులోకి దిగుతూనే ఉంటుంది. కడుపులోకి పోయిన నెత్తురు వాంతి అవుతుంది, ఆ నల్లటి వాంతి చూసి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఇంటి దగ్గర నాకు ఒకసారి అట్లాగే అయింది. ఈసారి మాత్రం సారు చెప్పినట్టు పట్టుకుంటే ఆగింది. అట్లా పట్టుకున్నా అరగంటకు ఆగకపోతే ఇంట్లో ఉండకూడదు, ఆస్పత్రికి పోవాల్సిందే.

ఆ సాయంత్రం మా ఆయన, "రాయవేలూరు పోదాం, తల స్కాన్ తీయిద్దాం" అన్నాడు. చిత్తూరు వాళ్లకు ఏ పెద్ద జబ్బు భయం వచ్చినా ముందు వేలూరే గుర్తొస్తుంది, దగ్గర కూడా. మా చెల్లెలు తిరుపతిలో ఉంటుంది. తనకు తెలిసిన ముక్కు చెవి గొంతు డాక్టరమ్మ ఉందనీ, ముందు ముక్కు చూపించుకుని ఆమె చెబితే స్కాన్‌కు పోవచ్చనీ చెప్పింది. అట్లా తిరుపతి బస్సెక్కాం.

నా అనుభవంలో అన్నిటికంటే విలువైనది ఆ డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు. ముక్కులో లైటు పెట్టి చూసే ముందు చాలాసేపు అడిగింది. ఒక్కో ప్రశ్నా ఎందుకు అడుగుతున్నదీ చెప్పింది.

"తలనొప్పి ముందా, నెత్తురు ముందా?"

తలనొప్పే ముందు అన్నాను.

"మధ్యలో ఎంతసేపు? ఆ మధ్యలో ఏం చేస్తారు?"

ఒక పూటో, ఒక రోజో ఉంటుంది, మాత్ర వేసుకుంటాను అన్నాను. ఏం మాత్ర అంటే పేరు గుర్తు రాలేదు, తలనొప్పికి మందుల షాపులో ఇచ్చేది. ఆమె కాగితం మీద ఆ మాట కింద గీత గీసుకుని ముందుకు పోయింది.

తలకు దెబ్బ ఏమైనా తగిలిందా, బండి మీంచి పడ్డారా అని అడిగింది. దెబ్బ తగిలాక తలనొప్పి, ముక్కులోంచి నెత్తురు, దాంతో పాటు నీళ్లలాంటిది కారితే అది జలుబు కాకపోవచ్చు. పుర్రె అడుగు ఎముక చిట్లి మెదడు చుట్టూ ఉండే ద్రవం కారుతూ ఉండొచ్చు. అట్లాంటి వాళ్లను ఓపీలో కూర్చోబెట్టకూడదు, ఎమర్జెన్సీకి తీసుకుపోవాలి.

జ్వరం ఉందా, ఒళ్లు నొప్పులున్నాయా అని అడిగింది. డెంగీలో జ్వరం, కళ్ల వెనక నొప్పి, తలనొప్పి వస్తాయి, ప్లేట్‌లెట్లు పడిపోతే ముక్కులోంచి, చిగుళ్లలోంచి నెత్తురు వస్తుంది. ఒంటి మీద ఊరికే కమిలిన మచ్చలు పడుతున్నాయా, పళ్లు తోముకుంటే నెత్తురు వస్తోందా, నెలసరి ఎట్లా ఉంది అని అడిగింది. నెత్తురు గడ్డకట్టడంలో లోపమున్నా, రక్తానికి సంబంధించిన జబ్బులున్నా చాలావరకు ఒక్క ముక్కుతో ఆగదు, ఒంట్లో ఇంకోచోట కూడా ఆనవాలు కనిపిస్తుంది. నెలసరి ఎక్కువగానే పోతుంది అని చెప్పాను. దాని కింద కూడా గీత పడింది.

ఇంట్లో ఇంకెవరికైనా తరచూ ముక్కులోంచి నెత్తురు కారుతుందా అని అడిగి పెదాలు, నాలుక చూసింది. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా పెదాల మీద, నాలుక మీద, ముక్కు లోపల ఎర్రటి చిన్న చుక్కల్లా నాళాలు ఉంటాయట. అవి మాటిమాటికీ చిట్లుతుంటాయి. నాకు అవి లేవు.

ఎడమ ముక్కు ఎప్పుడూ మూసుకుపోయే ఉంటుందా, ఆ వైపు బుగ్గ మొద్దుబారినట్టు ఉంటుందా, ఒకటి రెండుగా కనిపిస్తోందా, మెడలో గడ్డ ఉందా, చెవి దిబ్బడ వేసిందా అని కూడా అడిగింది. ఒక పక్కే నెత్తురు వస్తూ, ఆ పక్కే ముక్కు మూసుకుపోయి ఉంటే ముక్కు వెనక ఏదైనా పెరిగిందేమో చూడాలి. మగపిల్లల్లో యుక్తవయసులో ముక్కు వెనక నెత్తురు నాళాలతో నిండిన ఒక రకం గడ్డ వస్తుంది, అది క్యాన్సర్ కాకపోయినా బాగా నెత్తురు పోయేలా చేస్తుందట. బెంచీ మీద నాకు పరిచయమైన ఆమె కొడుక్కి పద్నాలుగేళ్లు. అతన్ని లోపల అంతసేపు ఎందుకు చూశారో నాకు అప్పుడు అర్థమైంది.

షుగర్ ఉందా అని అడిగింది. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్ చూశాం కదా. షుగర్ అదుపులో లేనివాళ్లకు మొహం ఒక పక్క నొప్పి, కంటి వాపు, ముక్కులోంచి నల్లటి పక్కులు, నెత్తురు వస్తే గంటలు లెక్కపెట్టుకుని పరిగెత్తాల్సిన జబ్బు అది. నాకు షుగర్ లేదు.

అప్పుడు మా ఆయన స్కాన్ మాట ఎత్తాడు. ఆమె విసుక్కోలేదు. నా కళ్లలో లైటు వేసి చూసింది, చేతులు చాచమంది, వేలు ముక్కుకు తాకించమంది, నడిపించింది. తర్వాత చెప్పింది: మెదడుకూ ముక్కుకూ మధ్య ఎముక గోడ ఉంది, మెదడులో నరం చిట్లితే నెత్తురు పుర్రె లోపలే ఉండిపోతుంది, దెబ్బ తగిలి ఆ ఎముక విరిగితే తప్ప ముక్కులోకి రాదు. మెదడులో నెత్తురు పోతే తెలిసే తీరు వేరు. ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్క నిమిషంలో పిడుగు పడ్డట్టు రావడం, మాట తడబడటం, చెయ్యో కాలో పడిపోవడం, చూపు పోవడం, ఫిట్స్, మెడ బిగుసుకుపోవడం. వాటిలో ఏ ఒక్కటున్నా ముక్కు డాక్టరు కోసం వెతక్కుండా 108కి ఫోన్ చేయమంది. ఆ మాట విన్నాక ఎన్నో రాత్రుల తర్వాత నాకు గుండె కుదుటపడింది.

ముక్కులో మత్తు మందు తడిపిన దూది పెట్టి, సన్నని గొట్టంలాంటి కెమెరాతో చూసింది. స్క్రీన్ మీద నాకూ చూపించింది. ముక్కు దూలం, అంటే రెండు రంధ్రాల మధ్య గోడ, ఎడమవైపు కాస్త వంగి ఉంది. లోపలికి పోయే గాలి ఆ వంపుకే తగిలి అక్కడి పొర ఎండిపోతోంది. దాని ముందు భాగంలో ఎర్రగా ఉబ్బిన సన్నటి నాళాలు, పైన పక్కు కట్టి ఉంది. లిటిల్స్ ఏరియా అంటారట ఆ చోటును. నాలుగైదు ధమనుల కొసలు అక్కడ కలుస్తాయి, పైన పొర చాలా పలచన. జనానికి వచ్చే ముక్కు నెత్తురులో 90 శాతం దాకా అక్కడిదే. ముక్కు వెనక నుంచి వచ్చేది తక్కువ, అది పెద్దవయసు వాళ్లలో ఎక్కువ, పట్టుకుంటే ఆగదు, గొంతులోకి ధారగా దిగుతుంది, ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తుంది. నాది ముందుదే. సైనస్ దారుల దగ్గర చీము లేదు, వాపు లేదు. అంటే సైనస్ కాదు.

మరి తలనొప్పి? ఒక పక్క కణత దగ్గర టకటకా కొట్టుకోవడం, వెలుతురు చూడలేకపోవడం, పోపు వాసనకు కడుపులో తిప్పడం, చీకటి గదిలో పడుకుంటే నయమనిపించడం, అమ్మకు ఉండటం. ఇవన్నీ విని మైగ్రేన్ అంది. మైగ్రేన్‌లో కూడా ముక్కు దిబ్బడ వేస్తుంది, కళ్లు నీళ్లు కారతాయి, బుగ్గల్లో బరువుగా ఉంటుంది. అందుకే సైనస్ తలనొప్పి అనుకుని వచ్చేవాళ్లలో చాలామందికి అసలు ఉన్నది మైగ్రేనే అని చెప్పింది.

బీపీ చూస్తే 150/96 వచ్చింది. ఇక బీపీయే కారణం అని మా ఆయన నిర్ధారించేసుకున్నాడు. ఆమె ఒప్పుకోలేదు. నెత్తురు చూసి భయపడ్డ మనిషికి, బస్సు దిగి వచ్చి కూర్చున్న మనిషికి బీపీ పెరిగే ఉంటుంది. కాసేపు ఆగి మళ్లీ చూస్తే తగ్గింది. ఇంటి దగ్గర కొన్నాళ్లు పొద్దున, సాయంత్రం చూసి రాసుకురమ్మంది. చూస్తే 120ల్లోనే ఉంది. బీపీ నిజంగా ఎక్కువున్న వాళ్లకు నెత్తురు మొదలైతే తొందరగా ఆగదు. బీపీ 180/120 దాటి తలనొప్పి, చూపు మసకబారడం, ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే అది వేరే అత్యవసరం. కానీ ఒక్కసారి చూసిన అంకెతో బీపీ మాత్ర మొదలుపెట్టకూడదని ఆమె గట్టిగా చెప్పింది.

రక్త పరీక్షల్లో ప్లేట్‌లెట్లు, గడ్డకట్టే పరీక్షలు బాగానే వచ్చాయి. హిమోగ్లోబిన్ 9.4. ఆడవాళ్లకు 12 ఉండాలి. నెలసరి, దానికి తోడు ముక్కు. రక్తం తగ్గితే తలనొప్పి, ఆయాసం, మెట్లెక్కితే గుండె దడ వస్తాయి. కాబట్టి నా తలనొప్పిలో కొంత వాటా దీనిది కూడా.

రెండోసారి పోయినప్పుడు నేను వాడే మాత్రల అట్ట తీసుకురమ్మంది. వెనక సన్నక్షరాల్లో రాసినది చదివింది. అందులో ఆస్పిరిన్ ఉంది. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ల పనిని ఆపేస్తుంది. ఒకసారి దాని ప్రభావం పడిన ప్లేట్‌లెట్ బతికున్నన్నాళ్లూ, అంటే వారం పది రోజులు, గడ్డ కట్టడానికి సాయపడదు. కొత్తవి పుట్టాల్సిందే. ఎండకు పగిలిన చోట అట్లాంటి రక్తం ఊరితే ఆగదు. తలనొప్పి ముందు, నెత్తురు తర్వాత రావడానికి లంకె ఇక్కడ దొరికింది. తలనొప్పి ముక్కులోంచి నెత్తురు తెప్పించలేదు. తలనొప్పికి వేసుకున్న మాత్ర, ముక్కులో ముందే ఉన్న పగులు కలిసి తెప్పించాయి. ఆమె మొదటి రోజే గీత గీసిన మాట ఇదే.

ఇంకో మాట కూడా చెప్పింది. నొప్పి మాత్రలు నెలలో 10, 15 రోజులకు మించి నెలల తరబడి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి. నాకు మార్చి నుంచి నొప్పి ఎక్కువ కావడంలో అదీ ఉండొచ్చంది.

ఎడమవైపు నాళాలను సిల్వర్ నైట్రేట్‌తో కాల్చింది. కాల్చడం అంటే నేను నిప్పు, కరెంటు అనుకుని వణికాను. అగ్గిపుల్ల లాంటి పుల్ల కొసకు ఆ మందు ఉంటుంది, మత్తు దూది తీశాక ఆ చోట కొన్ని సెకన్లు తాకిస్తారు. మంట పుట్టింది, కన్ను నీళ్లు కారింది, తుమ్ములొచ్చాయి. అంతే. ఆ చోట బూడిదరంగు మచ్చ పడింది. రెండు పక్కలా ఒకేసారి చేయరు, చేస్తే మధ్య దూలానికి రక్తం అందక రంధ్రం పడే ప్రమాదం ఉంది. తర్వాత కొన్నాళ్లు ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, బరువులు ఎత్తకూడదు, పొగలు కక్కే కాఫీ తాగకూడదు, వేడినీళ్లతో తలస్నానం వద్దు. ఉప్పునీటి స్ప్రే, పడుకునే ముందు లోపల ఆయింట్‌మెంట్. అలిపిరి మెట్ల దారిన నడిచి కొండెక్కుతానని మొక్కుకుని ఉన్నాను. 3,550 మెట్లు, అదీ ఎండాకాలం, రక్తం 9.4తో. వద్దంది. స్వామి ఎక్కడికీ పోడు, రక్తం పెరిగాక ఎక్కండి అంది.

తలనొప్పికి ఆస్పిరిన్ మాన్పించి పారాసెటమాల్ రాసింది, దానికీ లెక్క పెట్టింది. మైగ్రేన్ తరచుగా వస్తోంది కాబట్టి ఫిజీషియన్ దగ్గరికి పంపింది. ఆయన ఉబ్బసం లేదని అడిగి తెలుసుకుని ప్రొప్రనలాల్ తక్కువ మోతాదులో రాశారు. అది నొప్పి వచ్చినప్పుడు వేసుకునేది కాదు, రాకుండా రోజూ వేసుకునేది. ఎప్పుడు వచ్చింది, ఏం తిన్నాను, నిద్ర ఎట్లా ఉంది అని రాసుకోమన్నారు. రాసుకుంటూ పోతే ఒంటిపూట బడి రోజుల్లో తెల్లారుజామున లేచి, ఏమీ తినకుండా బస్సెక్కిన రోజులే ఎక్కువ తేలాయి. ఇప్పుడు ఇంత సంగటి తినకుండా ఇల్లు కదలను. ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకుంటాను, టీ, కాఫీ దానికి దగ్గరగా తాగను, తాగితే ఐరన్ ఒంటికి పట్టదు.

మా ఇంట్లోనే ఇంకొకరికి ఈ సంగతి పనికొచ్చింది. మా అత్తకు గుండెలో స్టెంట్ ఉంది. నెత్తురు గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు రోజూ వేసుకుంటుంది. నా కథంతా విని, "అట్లైతే నేనూ ఆ మాత్రలు నిలిపేస్తానుమే" అనింది. నాకు గుండె ఆగినంత పనైంది. వెంటనే కూర్చోబెట్టి చెప్పాను: నాకు ఆస్పిరిన్ తలనొప్పికి, మానేసినా నష్టం లేదు, నీకు అది ప్రాణానికి కాపలా, ముక్కులోంచి నెత్తురు వచ్చినా గుండె డాక్టరును అడక్కుండా ఒక్క రోజు కూడా మానకూడదు అని. స్టెంట్ ఉన్నవాళ్లు హఠాత్తుగా ఆపితే అందులో గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. ఇది చదివే వాళ్ల ఇళ్లలోనూ అట్లాంటి పెద్దవాళ్లుంటారు, వాళ్లకు ఈ తేడా తప్పకుండా చెప్పండి.

అట్లాగే వానలు పడ్డాక జ్వరం, తలనొప్పి ఉన్నవాళ్లు షాపులో అడిగి ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వేసుకోవద్దు. అది డెంగీ అయితే నెత్తురు పోయే ప్రమాదం పెరుగుతుంది. మా స్కూల్లో పిల్లల తల్లులు వచ్చినప్పుడల్లా ఈ మాట చెబుతున్నాను.

దసరా సెలవుల్లో మళ్లీ చూపించుకున్నాను. మచ్చ మానింది, పక్కు లేదు. హిమోగ్లోబిన్ 11.6కు వచ్చింది. దూలం వంపుకు ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదని, ఊపిరి ఆడకపోతేనో, మాటిమాటికీ నెత్తురు వస్తేనో ఆలోచిద్దామని డాక్టరమ్మ చెప్పింది. తలనొప్పి పూర్తిగా పోలేదు, కానీ నెలకు ఎప్పుడో ఒకసారి వచ్చి పోతోంది. చలికాలంలో ఒకసారి ముక్కులోంచి నెత్తురు కారింది, పట్టుకుని కూర్చుంటే ఆగిపోయింది. ప్రొప్రనలాల్‌ను ఒక్కసారిగా మానకూడదు, మోతాదు మెల్లగా దించుకుంటూ రావాలని ఫిజీషియన్ చెప్పారు. ఇప్పుడు ఆ దించే పనిలో ఉన్నాను.